అవ్వ మతిమరుపు – మేము నేర్చుకున్న సంగతులు



మా ఇంట్లోని అవ్వకు వచ్చిన జబ్బును గురించి నాలుగు మాటలు రాయమని మా సంఘంలోని తల్లులు కొందరు చాలాకాలంగా అడుగుతున్నారు. వారి ఇళ్లలో కూడా పెద్దవారున్నారు. అడిగిందే మళ్లీ మళ్లీ అడిగే మామ, పొయ్యి మీద పాలు పెట్టి మరచిపోయే అత్త, తెలిసిన ఊళ్లోనే తోవ తప్పే తాత – ఇటువంటివారు ప్రతి వాడకట్టులో ఒకరైనా ఉంటారు. ఇది వయసు వల్ల వచ్చేదా, జబ్బా? జబ్బయితే మందున్నదా? పరీక్ష ఎట్లా చేస్తారు? ఇవీ ఆ తల్లుల ప్రశ్నలు. మేము డాక్టర్లం కాము. కాని 2022 నుంచి ఈ జబ్బును ఇంట్లో పెట్టుకొని కాపురం చేస్తున్నాం. డాక్టర్లు మాకు చెప్పినవి, మేము చదివి తెలుసుకున్నవి, కళ్లారా చూసినవి మీ ముందు పెడుతున్నాం. ఒక్క కుటుంబానికి ఉపయోగపడినా చాలు.

మాది ప్రజ్ఞాపూర్. హైదరాబాదు నుంచి సిద్దిపేట, కరీంనగర్ పోయే బస్సులన్నీ మా చౌరస్తా మీదుగానే పోతాయి. మాలో ఒకరికి ఆమె కన్నతల్లి, మరొకరికి అత్తగారు. పిల్లలతో పాటు మేమిద్దరమూ ఆమెను అవ్వ అనే పిలుస్తాం. అవ్వ బడి ముఖం చూడలేదు. నలభై ఏళ్లు గంప నెత్తిన పెట్టుకొని గజ్వేల్ అంగడిలో కూరగాయలు అమ్మింది. పావుకిలో, అరకిలో లెక్కలు నోటితోనే చేసేది. తెలుగువాళ్లతో తెలుగు, తురకవాళ్లతో ఉర్దూ. "క్యా హోనా బేటా" అని పిలిచిందంటే ఎవరూ ముందుకు పోయేవారు కాదు. ఆ గంపతోనే పిల్లలను పెంచింది, రెండు పెండ్లిళ్లు చేసింది.

2022 వానకాలంలో మార్పు మొదలైంది. అంగడి నుంచి వచ్చి పైసలు లెక్కపెడుతూ మధ్యలో ఆగిపోయేది. యాభై ఇచ్చినవారికి చిల్లర ఇయ్యడం మరచిపోయి తగువు పడిందని పక్క గంపామె చెప్పింది. పులుసులో ఉప్పు రెండుసార్లు వేసేది. "ఉప్పేసినవా అవ్వా" అంటే కోపం వచ్చేది. వెండి కడియాలు బియ్యం డబ్బాలో దాచి, మనుమడు ఎత్తుకపోయిండని ఏడ్చింది. ఒకనాడు చౌరస్తాలో బస్సు దిగి, ఇంటి తోవ కాక సిద్దిపేట తోవ పట్టి చాలా దూరం నడిచిపోయింది. తెలిసిన ఆటో పిల్లవాడు చూసి ఇంటికి తెచ్చాడు. చూసినవారంతా "డెబ్బయి దాటినయి గదా, వయసు" అన్నారు. ఆటో పిల్లవాడు ఇంటికి తెచ్చిన ఆ రాత్రే, అవ్వను డాక్టరుకు చూపించాలని మేమిద్దరం అనుకున్నాం.

వయసు వేరు, జబ్బు వేరు

వయసు మీద పడినవారికి కొంత మరపు సహజమే. తాళంచెవి ఎక్కడ పెట్టామో మరచిపోయి, కాసేపు వెతికి తెచ్చుకుంటే అది వయసు. తాళంచెవి చేతిలో పట్టుకొని ఇది దేనికని అడిగితే అది జబ్బు. పెండ్లిలో కలిసినవారి పేరు గుర్తుకు రాకపోతే వయసు. పెండ్లికి పోయి వచ్చిన సంగతే గుర్తు లేకపోతే జబ్బు. ఏళ్ల తరబడి చేస్తున్న పని – వంట, లెక్క, కుట్టు, సేద్యం – చేయరాకుండా పోవడం, తెలిసిన తోవ తప్పడం, మాట మధ్యలో పదాలు దొరకకపోవడం, గుణం మారిపోవడం: ఇవి ఆరు నెలలుగా కనబడుతుంటే డాక్టరుకు చూపించాలి. ఈ గుర్తులను ముందుగా కనిపెట్టేది ఏ యంత్రమూ కాదు. కలిసి అన్నం తినే ఇంటివారే.

ఈ జబ్బుకు అల్జైమర్స్ అని పేరు. 1901లో జర్మనీ దేశంలోని ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రికి యాభై ఒక్క ఏళ్ల అగస్టే డేటర్ అనే స్త్రీని తెచ్చారు. ఆమెకు మరపు, అనుమానం, మాట తడబాటు ఉండేవి. అలోయిస్ అల్జైమర్ అనే డాక్టరు ఆమెను చూసి ప్రతి మాటా రాసి పెట్టుకున్నాడు. 1906లో ఆమె చనిపోయిన తరువాత మెదడును సూక్ష్మదర్శినిలో పరీక్షించి, కణాల బయట గడ్డలను, కణాల లోపల చిక్కుపడిన దారాలను చూశాడు. ఆ ఏడాది నవంబరులోనే ఆ సంగతి తోటి డాక్టర్లకు చెప్పాడు. బయటి గడ్డలు అమిలాయిడ్ అనే మాంసకృత్తువి, లోపలి దారాలు టౌ అనే మాంసకృత్తువి అని తరువాతివారు కనుగొన్నారు. ఇవి మెదడులో చేరడం మరపు బయటపడడానికి పదిహేను, ఇరవై ఏళ్ల ముందే మొదలవుతుంది. చెట్టు వేరుకు చెద పట్టినా ఆకులు వాడడానికి కాలం పట్టినట్టే ఇదీ.

మతి క్షీణించే జబ్బులన్నిటికీ కలిపి డిమెన్షియా అంటారు. వాటిలో ఎక్కువ మందికి వచ్చేది అల్జైమర్స్. మన దేశంలో అరవై దాటినవారిలో నూటికి ఏడుగురికి పైగా, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉన్నదని 2023లో వెలువడిన పెద్ద సర్వే అంచనా వేసింది. పట్నాలకంటే పల్లెల్లో, మగవారికంటే ఆడవారిలో ఎక్కువని అందులోనే తేలింది. పట్నంవారి జబ్బు, చదువుకున్నవారి జబ్బు అనుకొనేవారు ఈ మాట గమనించాలి.

సదువు రానివారికి పరీక్ష

2023 మొదట్లో మేము అవ్వను ఒక ఆసుపత్రికి తీసుకుపోయాం. ఊరు, పేరు ఎందుకు? అక్కడ ఒక కాగితం ముందుపెట్టి ప్రశ్నలడిగారు. ఈ రోజు తారీఖు ఎంత? నూరులోంచి ఏడు తీసేస్తూ పో. ఒక వాక్యం రాయి. అవ్వ "నాకు సదువు రాదు సారూ" అని కొంగు నోట్లో పెట్టుకొని ఏడ్చింది. జిల్లా ఏది అని అడిగితే "మెదక్" అన్నది. తప్పని గీత కొట్టారు. పాఠకులారా, మా ఊరు సిద్దిపేట జిల్లాలోకి వచ్చింది 2016లో. అంతకుముందు అవ్వ బతుకంతా మెదక్ జిల్లాలోనే గడిచింది. ఆ మాట తప్పయితే మా ఊళ్లో ముసలివాళ్లందరికీ మతి లేనట్టే. జబ్బు బాగా ముదిరిందని రాసి, రెండు మాత్రలు చేతిలో పెట్టి పంపించారు. తలకు స్కాను లేదు, రక్త పరీక్ష లేదు.

మాకు మనసు ఒప్పలేదు. తెలిసినవారి సలహాతో హైదరాబాదులో మతిమరుపు జబ్బులు చూసే ఒక డాక్టరమ్మ దగ్గరకు పోయాం. ఆమె మొదట అవ్వతో మాట్లాడలేదు, మాతో మాట్లాడింది. ఎప్పుడు మొదలైంది, ఏ పని చేయగలదు, ఏది చేయలేదు, బజారు చేస్తుందా, బట్టలు తానే కట్టుకుంటుందా అని ఒక గంట అడిగింది. తరువాత అవ్వ పక్కన కూర్చొని అవ్వ మాటలోనే అడిగింది. ఇప్పుడు పొద్దుగాలనా, మాపటేలనా? ఇది ఎండకాలమా, వానకాలమా? పోయిన పండుగ ఏది? మూడు వస్తువుల పేర్లు చెప్పి, కాసేపటికి మళ్లీ అడిగింది. చివరికి, "అవ్వా, నువ్వు కూరగాయలు అమ్మినవంట గదా, ఒక్క నిమిషంలో ఎన్ని కూరగాయల పేర్లు చెప్తవో చెప్పు" అన్నది.

అవ్వ నవ్వింది. "టమాట, వంకాయ, మిరపకాయ" అన్నది. ఆగింది. మళ్లీ "టమాట, వంకాయ" అన్నది. బెండ, బీర, గోకర, చిక్కుడు, ఆనపకాయ, పాలకూర, తోటకూర – నలభై ఏళ్లు నెత్తిన మోసినవి ఒక్కటీ నోటికి రాలేదు. నిమిషం అయిపోయింది. మేమిద్దరం తలలు వంచుకొని కూర్చున్నాం. కాగితం మీది లెక్కలు చెప్పలేని సంగతి ఆ ఒక్క నిమిషం మాకు చెప్పింది.

చదువురానివారికి తగిన ప్రశ్నలు తయారుచేయడం మన దేశంలో కొత్త కాదని తరువాత తెలుసుకున్నాం. హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల్లో 1990లలోనే ఈ పని జరిగింది. రాయడం, చదవడం అక్కరలేకుండా, పల్లె బతుకుకు సరిపోయే ప్రశ్నలు హిందీలో కూర్చారు. హైదరాబాదు నిమ్స్ డాక్టర్లు తెలుగువారి కోసం ఇటువంటి పరీక్షలను తయారుచేశారు. కాబట్టి మీ పెద్దవారిని తీసుకుపోయినప్పుడు "మా అమ్మకు చదువు రాదు, ఆమెకు తగినట్టు అడగండి" అని చెప్పడానికి మొహమాటపడవద్దు.

డాక్టరమ్మ తరువాత రక్త పరీక్షలు రాసింది. థైరాయిడ్ తక్కువైనా, బి12 విటమిన్ తక్కువైనా మతిమరుపు వస్తుందట. కింద పడి తలకు దెబ్బ తగిలితే, లోపల నెత్తురు మెల్లమెల్లగా గడ్డకట్టి మతి తప్పించవచ్చు. దిగులు జబ్బు, మూత్రంలో చీము, కొన్ని నిద్రమాత్రలు కూడా అటువంటి లక్షణాలే చూపిస్తాయి. వీటిలో చాలావాటికి వైద్యం ఉన్నది. ముందు వీటిని వెతికి, ఏదీ కాదని తేలిన తరువాతనే అల్జైమర్స్ అనే మాట అనాలి. అవ్వకు బి12 కొంత తక్కువ ఉంటే సూదులు వేశారు. దానితో నీరసం తగ్గింది గాని మరపు తగ్గలేదు. ఎం.ఆర్.ఐ. స్కానులో, చెవుల లోపలి వైపున జ్ఞాపకాలను నిలిపే హిప్పోక్యాంపస్ అనే భాగం రెండు ప్రక్కలా కుంచించుకుపోయినట్టు కనబడింది. అన్నీ కలిపి చూసి అల్జైమర్స్ అని చెప్పింది.

ఒక్క బొట్టు నెత్తురులో

ఇంతకుముందు ఈ జబ్బును ఖాయంగా చెప్పాలంటే మనిషి చనిపోయిన తరువాత మెదడు కోసి చూడవలసిందే. వెన్నులోంచి నీరు తీసి అందులో ఈ మాంసకృత్తులను కొలిచే పద్ధతి తరువాత వచ్చింది. 2004లో అమెరికాలోని పిట్స్‌బర్గ్ శాస్త్రజ్ఞులు, బతికి ఉన్న మనిషి మెదడులోని అమిలాయిడ్ గడ్డలను పెట్ స్కానులో చూపించే ఒక రసాయనం గురించి ప్రకటించారు. అది గొప్ప మెట్టు. కాని ఆ స్కాను ఖర్చు ఎక్కువ, అన్ని చోట్లా దొరకదు.

ఇప్పుడు రక్త పరీక్షలు వస్తున్నాయి. మెదడులో టౌ చెడిపోయినప్పుడు దానిలో ఒక రకం, పి-టౌ 217 అనేది, బహు కొద్దిగా నెత్తురులోకి చేరుతుంది. దాన్ని, అమిలాయిడ్‌ను కొలిచి పోల్చే రక్త పరీక్షకు 2025 మే నెలలో అమెరికా ప్రభుత్వపు మందుల నియంత్రణ సంస్థ మొట్టమొదటిసారి అనుమతి ఇచ్చింది. మేము అవ్వను చూపించిన 2023లో ఆ అనుమతి ఇంకా లేదు. ఒక మాట మాత్రం గుర్తుంచుకోవాలి. ఆ అనుమతి యాభై ఐదు దాటి, మరపు లక్షణాలు కనబడుతున్నవారి కోసం. ఏ లక్షణమూ లేనివారు భయంతో చేయించుకొనేది కాదు. ఆ అంకె ఒక్కటే చూసి జబ్బు తేల్చరు. ఇంటివారి మాట, ప్రశ్నల పరీక్ష, స్కాను, నెత్తురు – అన్నీ కలిపి చూస్తేనే తీర్పు.

మందులు, ఇరవై గుంటల భూమి

అవ్వకు డోనెపెజిల్ అనే మాత్ర మొదలుపెట్టారు. కొంతకాలానికి మెమాంటిన్ కలిపారు. మొదటిది 1996 నుంచి, రెండవది అమెరికాలో 2003 నుంచి వాడుకలో ఉన్నవి. మన దేశంలోనూ తయారవుతున్నాయి. మెదడు కణాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకొనే రసాయనం తరిగిపోకుండా డోనెపెజిల్ కొంత ఆపుతుంది. జబ్బు నయం చేయదు, లోపలి నాశనాన్నీ ఆపదు. కొందరికి కొంతకాలం తెలివి నిలుపుతుంది. వికారం, విరేచనాలు, గుండె నెమ్మదించడం వంటివి రావచ్చు కనుక డాక్టరు చూస్తూ ఉండాలి. అవ్వకు మొదటి నెల అన్నం సహించలేదు. తరువాత సర్దుకుంది. ఆ ఏడాది ఆమె మాట కొంత తేటపడింది.

2024లో డల్లాస్‌లో ఉండే మా మేనల్లుడు ఫోను చేశాడు. "మామా, ఇక్కడ కొత్త సూది వచ్చింది. అమ్మమ్మకు ఎట్లనన్న ఇప్పిద్దాం" అన్నాడు. అతడు చెప్పినది నిజమే. లెకానెమాబ్ అనే మందుకు 2023 జూలైలో, డోనానెమాబ్ అనే మందుకు 2024 జూలైలో అమెరికాలో పూర్తి అనుమతి వచ్చింది. 2024లో వాటిని సెలైను ఎక్కించినట్టు నరంలోకి ఎక్కించేవారు. మొదటిది రెండు వారాలకొకసారి, రెండవది నాలుగు వారాలకొకసారి. మాత్రలవలె లక్షణాలతో ఆగక, మెదడులోని అమిలాయిడ్ గడ్డలనే తొలగిస్తాయి. నూరేళ్లకు పైబడిన వెతుకులాటలో ఇది పెద్ద సంగతే. అయితే లెకానెమాబ్ మందు ఒక్కదానికే ఏడాదికి 26,500 డాలర్లని కంపెనీ ధర పెట్టింది. మన లెక్కలో ఇరవై లక్షల పైచిలుకు.

మాకు రాజీవ్ రహదారికి దగ్గరలో ఇరవై గుంటల భూమి ఉన్నది. అవ్వ గంప పైసలతో కొన్నది. ఆమె కోసం ఆమె భూమి అమ్మితే తప్పేమిటి? అమ్మకుండా ఉంటే పిసినారితనం కాదా? ఇటు పిల్లల చదువులున్నాయి. వారం రోజులు మా ఇంట్లో పొయ్యి వెలిగిందే గాని ఎవరికీ ముద్ద దిగలేదు. చివరికి డాక్టరమ్మనే అడుగుదామని పోయాం.

ఆమె ఓపికగా చెప్పింది. ఆ మందు జబ్బు తొలి దశలో ఉన్నవారి కోసం. 1,795 మందితో చేసిన పరీక్షలో, పద్దెనిమిది నెలల్లో, మందు తీసుకున్నవారి దిగజారుడు తీసుకోనివారికంటే 27 శాతం నెమ్మదించింది. ఆగలేదు, వెనక్కి మళ్లలేదు. పద్దెనిమిది మార్కుల కొలతలో తేడా అర మార్కుకు లోపే. కొందరికి మెదడులో వాపు, నెత్తురు కారడం జరిగింది. అందుకే మాటిమాటికీ ఎం.ఆర్.ఐ. తీస్తూ ఉండాలి. "అవ్వ ఆ దశ దాటింది. ఈ మందు ఆమెకు పనికిరాదు. మీరు ఆ భూమి అమ్మినా నేను రాసి ఇయ్యను" అన్నది. మేము బయటికి వచ్చి బస్టాండు బల్ల మీద చాలాసేపు కూర్చున్నాం. దుఃఖమూ వచ్చింది, గుండె బరువూ దిగింది. ఆ భూమి ఇంకా అవ్వ పేరు మీదనే ఉన్నది.

ఇదే సమయంలో ఇంటికి వచ్చి సలహాలిచ్చినవారు చాలామంది. ఒకాయన గాలి సోకిందన్నాడు, తాయెత్తు కడతానన్నాడు. ఇంకొకాయన పొడి మందు తెచ్చాడు. ప్రార్థన చాలు, మాత్రలు మానేయమన్నవారూ ఉన్నారు. మా అయ్యగారు మాత్రం "ప్రార్థన నేను చేస్త, మాత్ర మీరు మరువకుండా వెయ్యండి" అన్నారు. ఆ మాట మాకు కొండంత బలం ఇచ్చింది.

ముందుగా తెలిస్తే ఏమి లాభం?

నయం కానప్పుడు ముందుగా తెలిసి ఏమి లాభమని కొందరు అడుగుతారు. మాకు కలిగిన లాభం చెబుతాం. 2023లో అవ్వకు ఇంకా తెలివి ఉన్నప్పుడే, ఆమెతో కూర్చొని నెమ్మదిగా చెప్పాం. అవ్వ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత ఒక్కొక్కటే చెప్పింది. చెవుల కమ్మలు పెద్ద మనుమరాలికి. బాపు సమాధి పక్కనే తనకు జాగా. పక్క గంపామె దగ్గర తీసుకున్న మూడు వందలు తీర్చాలి. "నేను మిమ్మల్ని తిడితే మనసుల పెట్టుకోకుండ్రి బిడ్డా, అది నేను గాదనుకోండ్రి" అన్నది. బ్యాంకు కాగితాలు, పింఛను కాగితాలు ఆమె ఎదుటనే సరిచేశాం. ఇంకొక ఏడాది ఆలస్యమైతే ఆ మాటలు మాకు దక్కేవి కావు. ఇప్పుడు ఆమె నిజంగానే మమ్మల్ని తిడుతుంది. అప్పుడు ఆమె చెప్పిన మాటే మమ్మల్ని నిలబెడుతుంది.

తరువాతివారికి రాకుండా

మా పిల్లలు "మాకూ వస్తుందా" అని అడిగారు. చాలామంది విషయంలో ఇది తల్లి నుంచి బిడ్డకు నేరుగా దిగే జబ్బు కాదు. రక్తసంబంధికులకు ఉంటే అవకాశం కొంత పెరుగుతుంది, అంతే. 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక నియమించిన నిపుణులు పద్నాలుగు కారణాలను లెక్కగట్టి, వాటిని సరిదిద్దుకుంటే డిమెన్షియాలో దాదాపు 45 శాతాన్ని ఆపవచ్చు లేదా వెనక్కి నెట్టవచ్చు అన్నారు. రక్తపోటు, చక్కెర, కొవ్వు, పొగ, మద్యం, తలకు దెబ్బ, కదలకుండా కూర్చోవడం, ఒంటరితనం, చిన్ననాట చదువు లేకపోవడం అందులో ఉన్నాయి. చెవుడు, చూపు మందగించడం కూడా ఉన్నాయి. వినబడనివారు మాటలకు దూరమవుతారు, కనబడనివారు మూలకు చేరతారు, మెదడుకు పని తగ్గుతుంది. 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో కంటి వెలుగు పథకం మొదలైనప్పుడు పల్లెల్లో ఎందరికో ఉచితంగా కళ్లద్దాలు అందాయి. ఆ అద్దాలను పెట్టెలో దాచినవారు తీసి పెట్టుకోండి. హెల్మెట్ లేకుండా రాజీవ్ రహదారి మీద బండి నడిపే మన పిల్లలకు కూడా ఇది వర్తిస్తుంది.

ఇంకొక సంగతి మన హైదరాబాదులోనే తేలింది. నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి, ఆమె తోటివారు 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి, 2013లో న్యూరాలజీ అనే పత్రికలో ప్రకటించారు. ఒకే భాష మాట్లాడేవారికంటే రెండు భాషలు మాట్లాడేవారికి జబ్బు సగటున నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా బయటపడింది. చదువురానివారిలో కూడా ఈ తేడా కనబడింది. అంటే ఇది బడి చదువు వల్ల వచ్చిన తేడా కాదు. తెలుగు నుంచి ఉర్దూకు, ఉర్దూ నుంచి తెలుగుకు మారుతూ ఉండడమే మెదడుకు సాము. అంగడిలో గంపల వెనుక కూర్చున్న మన తల్లులు తెలియకుండానే ఆ సాము చేశారు. అవ్వకు జబ్బు రాకుండా అది ఆపలేదు. కాని ఆమెకు కొన్ని మంచి ఏళ్లు అదనంగా దొరికాయేమోనని మేము అనుకుంటాం.

ఇంట్లో, గుడిలో

ఇప్పుడు అవ్వకు మా పేర్లు గుర్తు లేవు. సాయంత్రం అయితే మూట కట్టుకొని "మా ఇంటికి పోత" అంటుంది. ఇదే నీ ఇల్లు అని వాదించం. "పోదాం అవ్వా, చాయ తాగి పోదాం" అంటాం. చాయ తాగే లోపల మరచిపోతుంది. బాపు ఇంకా రాలేదా అని అడిగితే చనిపోయాడని చెప్పం. చెబితే ప్రతిసారీ కొత్తగా చనిపోయినట్టు ఏడుస్తుంది. "ఏం చేసేటోడు బాపు?" అని అడుగుతాం. అప్పుడు బండి కట్టుకొని మెదక్ గుడికి క్రిస్మసుకు పోయిన సంగతులు చెబుతుంది. లేచే వేళ, తినే వేళ, పడుకొనే వేళ మార్చం. మెడలో గొలుసుకు మా ఫోను నంబరు రాసిన బిళ్ల కట్టాం. పొయ్యి దగ్గర గ్యాస్ కట్టేస్తాం. చిక్కుడుకాయలు ముందు పెడితే ఈనెలు తీస్తూ గంటసేపు నెమ్మదిగా కూర్చుంటుంది. పేర్లు మరచింది గాని వేళ్లు మరువలేదు. పాటలు కూడా అంతే. ఆదివారం కీర్తన ఎత్తుకోగానే పొల్లు పోకుండా పాడుతుంది.

సంఘం పెద్దలకు, స్త్రీలకు ఒక మనవి. ఇటువంటివారు కనబడితే "నన్ను గుర్తుపట్టినవా?" అని పరీక్ష పెట్టకండి. "నేను ఫలానా, నీతోని కూసుంట" అని చెప్పండి. ఇంట్లో రాత్రింబవళ్లు చూసుకొనేది సాధారణంగా ఒక్క కోడలో, ఒక్క బిడ్డో. వారికి విశ్రాంతి కావాలి. మా స్త్రీల సహవాసంలో నలుగురు వంతులు వేసుకొని వారానికి రెండు మాపులు అవ్వ దగ్గర కూర్చుంటారు. ఆ రెండు మాపులు మా ఇద్దరికీ మాత్రల కంటే ఎక్కువ పనిచేశాయి.

పెద్దల సమస్యలకు ప్రభుత్వం వారి ఎల్డర్ లైన్ 14567 ఉన్నది. చూసుకొనేవారు దిగులుతో కుంగిపోతే టెలి మానస్ 14416కు ఫోను చేయవచ్చు. రెండింటికీ ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడవచ్చు.

తల్లిదండ్రులను సన్మానించాలనే ఆజ్ఞను మనం చిన్ననాటినుంచి నేర్చుకుంటున్నాం. వారు మనలను గుర్తుపట్టినంత కాలమే సన్మానించమని అందులో లేదు. కనుక మీ ఇంటి పెద్దవారి మాటలో, పనిలో, నడకలో మార్పు కనబడితే, వయసని తోసివేయక ఈ నెలలోనే డాక్టరుకు చూపించండి. నయమయ్యే కారణమైతే నయమవుతుంది. అల్జైమర్స్ అయితే, వారు చెప్పవలసిన మాటలు చెప్పుకోవడానికి, మీరు వినడానికి ఇంకా వ్యవధి దొరుకుతుంది.